నిజం రాయాలా, రూలు రాయాలా

పేపరు ఇంకా బోర్లా పెట్టే ఉంది. బెల్లు కొట్టేదాకా తిప్పకూడదని పరీక్ష చూసే అమ్మాయి రెండుసార్లు చెప్పింది, చెప్పిన రెండుసార్లూ తుమ్మింది. జాబితా అని అందరూ పిలిచే ఆమె రెండు అరచేతులూ పేపరు మీద ఆనించి కూర్చుంది. పైన ఫ్యాను గిరగిరా తిరుగుతోంది, ఎగిరిపోతుందేమోనని ఒక భయం, ఎగిరిపోతే బాగుండునని మనసులో ఇంకో మూల చిన్న ఆశ. మార్కెట్ యార్డు మేడ మీద గది, బెంచీ మాత్రం బడి నుంచి తెచ్చిన పిల్లల బెంచీ, మోకాళ్ళు పై చెక్కకి కొట్టుకుంటున్నాయి. చెక్క మీద ఎవరో కంపాసు ముల్లుతో చేప బొమ్మ చెక్కారు, చేపకి కనురెప్పలు కూడా పెట్టారు, ఎంత తీరికో. చేపలకి రెప్పలుంటాయా? ఉండవనుకుంటా. ఇది పరీక్షలో అడగరు కదా, అడిగేవన్నీ పుస్తకంలోవేనని కూతురు ఒట్టేసి చెప్పింది. నలభై ప్రశ్నలకి టిక్కు పెట్టాలి, చివరి ఒక్కదానికి సొంత మాటల్లో రాయాలి, యాభైకి ముప్పై అయిదు వస్తే చాలు, గంట టైము. ఈ సీజను నుంచి కొత్త రూలు వచ్చింది, తోటలకి వలస కూలీల్ని తీసుకెళ్ళేవాళ్ళందరికీ కార్మిక శాఖ వాళ్ళ గుర్తింపు కార్డు ఉండాలి, కార్డు కావాలంటే ఈ పరీక్ష గట్టెక్కాలి. నలభై మూడు మంది. గదిలోకి అడుగుపెట్టగానే లెక్క అయిపోయింది, ఆమె పెట్టాలని పెట్టలేదు, కళ్ళే పెట్టేసుకున్నాయి, కొందరికి ఊరికే ఈల వేయడం అలవాటైనట్టు ఆమెకి మనుషుల్ని లెక్కపెట్టడం అలవాటు. తోటల్లో ఆమెకి జాబితా అని పేరొచ్చింది అందుకే. సబిత, కవిత లాగా అదే అసలు పేరనుకున్నవాళ్ళు కూడా ఉన్నారు, ఒక తోట యజమానయితే మూడు సీజన్లపాటు "జాబిత గారూ" అని ఎంతో మర్యాదగా పిలిచాడు, పాపం, ఆయన్ని ఎవరూ దిద్దలేదు, ఆమె అసలే దిద్దలేదు, ఎందుకంటే అంతవరకూ ఆమెను గారూ అన్నవాళ్ళు లేరు.

నలభై మూడోవాడు నడవకి అవతల పక్క బెంచీలో ఉన్నాడు. తల తిప్పకపోయినా తెలుస్తోంది, ఆ తలనూనె వాసన ఇరవై రెండేళ్ళ పరిచయం. ఆయన మేస్త్రి. ఆమెనీ, ఆమె భర్తనీ, ఆమెకంటే ముందు ఆమె తల్లినీ లారీ ఎక్కించి తోటలో దింపి, మళ్ళీ లారీ ఎక్కించి ఇంటి దగ్గర దింపిన మేస్త్రి. ఇస్త్రీ చొక్కా వేసుకొచ్చాడు, జేబులో మూడు పెన్నులు పెట్టుకొచ్చాడు, ఒకటి ఆగిపోతే ఇంకొకటి, అదీ ఆగిపోతే ఇంకొకటి అన్నట్టు, లారీకి కూడా ఆయన అన్ని స్టెపినీ టైర్లు పెట్టుకోలేదెప్పుడూ. ఆయన కూర్చోవడం ఆమె చూసిందంటే అది స్టీరింగు వెనకాలే, లేకపోతే తోట యజమాని వరండాలో కుర్చీలో. ఇలా పిల్లల బెంచీలో, పొట్ట చెక్కకి ఆనుకుని, కాళ్ళెక్కడ పెట్టాలో తెలియక నడవలోకి చాపుకుని ఎన్నడూ చూడలేదు. ఇందాక మెట్ల దగ్గర ఎదురుపడినప్పుడు ఆయన కనుబొమలు జుట్టులోకి వెళ్ళిపోయాయి. "నువ్వా? ఎవరికి తోడొచ్చావే?" అన్నాడు. "నాకే తోడొచ్చాను మేస్త్రి గారూ" అంది ఆమె. ఆయనకి అర్థం కావడానికి మొదటి మెట్టు నుంచి పై మెట్టుదాకా పట్టింది, అర్థమయ్యాక ఒకసారి రెయిలింగు పట్టుకుని ఆగాడు, కోపమో ఆయాసమో తెలియలేదు, ఆ వయసులో రెండూ ఒకలాగే కనిపిస్తాయి.

బెల్లు. నలభై మూడు కాగితాలు ఒక్కసారి తిరిగాయి, పావురాలు లేచినట్టు చప్పుడు. అక్షరాలు కనబడుతున్నాయి కానీ మాటలు కావడం లేదు. ఊపిరి తీసుకో. మొదటి ప్రశ్న. గుర్తింపు కార్డును ఎవరికి చూపించవలెను? యజమానికి, తనిఖీ అధికారికి, అడిగిన కూలీకి, పై ముగ్గురికీ. పై ముగ్గురికీ. అత్తగారి సూత్రం ప్రకారం 'పై అందరూ' అని కనబడితే కళ్ళు మూసుకుని అదే కొట్టాలి, "అంతమందిని ఒక్క లైనులోకి ఎక్కించారంటే అదే నిజం" అంటుంది. అత్తగారికి చదవడం రాదు. అయినా పుస్తకం ఆవిడ చేతిలోనే ఉండేది నెల రోజులూ. ప్రతి పాఠం మొదట్లో ఒక బొమ్మ ఉంది, దాన్ని బట్టి అడిగేది. "కుళాయి బొమ్మ చెప్పు." "మంచం బొమ్మ చెప్పు." "బస్సు బొమ్మ అయిపోయిందా, మళ్ళీ చెప్పు, నిన్న రెండు తప్పాయి." తప్పాయని ఆవిడకెలా తెలుస్తుందంటే, మనవరాలు పైకి చదువుతుంటే ఒక్కసారి విని మొత్తం పట్టేసింది. పదో రోజుకల్లా ఆవిడకి పాఠాలన్నీ కంఠతా వచ్చేశాయి, కోడలింకా మంచం బొమ్మ దగ్గరే తడబడుతోంది. నిజానికి ఇవాళ పరీక్షకి పంపాల్సింది అత్తగారినే, డెబ్భై ఎనిమిదేళ్ళ మేస్త్రి, చేతిలో కర్ర, ఎవడైనా యజమాని మంచాలు తక్కువ పెట్టాడంటే ఆ కర్రతోనే లెక్క చూపించేది. నవ్వొచ్చింది. పరీక్షలో నవ్వకూడదని ఎక్కడా రాయలేదు కానీ నవ్వకూడదనే ఉంటుంది. పరీక్ష చూసే అమ్మాయి అటు తిరిగి తుమ్మింది, జాబితా బతికిపోయింది.

రెండు, మూడు, నాలుగు. తాగునీరు పనిచేసే చోటు నుంచి ఎంత దూరంలో ఉండవలెను? నడిచి వెళ్ళి రాగలిగినంత అని ఒక జవాబు ఉంది, ఎవరో మహానుభావుడు పెట్టాడు, నడిచి వెళ్ళి రాగలిగినంత అంటే ఈ మార్కెట్ యార్డు నుంచి వాళ్ళింటిదాకా కూడా ఆమె నడిచి వెళ్ళి రాగలదు. నీళ్ళ డ్రమ్ము ఎప్పుడూ వరస చివర లారీ పక్కన ఉండేది, దానికి రబ్బరు రుచి, వెళ్ళొచ్చేలోపు పక్కవాళ్ళు రెండు సంచులు నింపేసేవాళ్ళు, అందుకని ఎవరూ వెళ్ళేవాళ్ళు కాదు, ఒక నారింజ కోసుకుని పిండుకునేవాళ్ళు. కోసుకున్నట్టు తెలియకుండా తొక్క ఎక్కడ దాచాలో ఒక్కొక్కరిదీ ఒక్కో విద్య. ఆమె తొక్క నిచ్చెన బోలు కాలులో దూర్చేది. సీజను ఆఖర్న నిచ్చెన ఎత్తితే ఎండిన తొక్కలన్నీ జలజలా రాలాయి, మేస్త్రి చూసి అటు తిరిగి నవ్వుకున్నాడు, భుజాలు కదలడం ఆమె చూసింది. సరైన జవాబు మూడోది, అయిదు నిమిషాల నడకలోపు, నీడలో, మూతపెట్టి. టిక్కు. తరువాత, కూలీ కనీస వయసెంత? పద్దెనిమిది. ఆమె మొదటిసారి లారీ ఎక్కినప్పుడు పదమూడు, అమ్మ ఎత్తు మడమల చెప్పులు వేసుకుని నిలబడింది, మేస్త్రి మొహం చూడకుండా చెప్పులు చూశాడు, ఎంత అని అడిగాడు, పద్దెనిమిది అంది, సరే ఎక్కు అన్నాడు, ఎక్కుతుంటే ఒక చెప్పు కింద పడిపోయింది, అది తీసి అందించి "పద్దెనిమిదేళ్ళ చెప్పు జాగ్రత్త" అన్నాడు. తెలిసే ఎక్కించాడన్నమాట. ఆ మాట ఇన్నేళ్ళూ తమాషాగానే గుర్తుంది, ఇప్పుడు పెన్ను చేతిలో పట్టుకుని ఈ ప్రశ్న ముందు కూర్చుంటే తమాషా కొంచెం తగ్గింది. అయిదేళ్ళు. అయిదేళ్ళ బడి. ఈ బెంచీలోనే, మోకాళ్ళు తగలకుండా కూర్చోవాల్సిన అయిదేళ్ళు. సరే, పద్దెనిమిది, టిక్కు, గట్టిగా, కాగితం వెనక్కి కనబడేంత గట్టిగా.

మంచం బొమ్మ ప్రశ్నలు వచ్చాయి, రెండు మంచాల మధ్య ఎంత దూరం ఉండాలి, ఆమె పడుకున్న షెడ్డులో మంచాలే లేవు కనుక మధ్య దూరమనే మాట లేదు. ఆడవాళ్ళంతా ఒకే వరసలో ఒకరి వీపుకి ఒకరు ఆనుకుని పడుకునేవాళ్ళు, ఒకరు పక్కకి తిరగాలంటే అందరూ తిరగాల్సిందే, అందుకని గోడవైపు పడుకున్న పెద్దామె "తిరుగుదామా?" అని అడిగేది, సరేనంటే పద్నాలుగు మందీ ఒక్కసారి తిరిగేవాళ్ళు, ఆ తిరగడంలో ఎవరో ఒకరికి నవ్వొచ్చేది, ఒకరికొస్తే పద్నాలుగు మందికీ వచ్చేది. మగవాళ్ళ షెడ్డు నుంచి ఆమె భర్త గోడ మీద కొట్టేవాడు, ఏమిటా నవ్వులని. కార్డు దరఖాస్తు ఇవ్వడానికి వెళ్ళినప్పుడు అవన్నీ చెప్తే ఆఫీసు కౌంటర్లోని గుమాస్తాకి అర్థం కాలేదు. దరఖాస్తులో అనుభవం అనే గళ్ళో కూతురు ఇరవై రెండేళ్ళు కూలీపని అని గుండ్రంగా రాస్తే ఆయన కళ్ళజోడు పైకి నెట్టి, "అమ్మా, ఇది కూలీ చేసిన అనుభవం, మేం అడిగేది కూలీల్ని పెట్టుకున్న అనుభవం" అన్నాడు. "బాబూ, ఇరవై రెండేళ్ళు నన్ను పెట్టుకుంటుంటే నేను పక్కనే ఉండి చూశాను కదా" అంది ఆమె. వెనక వరసలో ఎవరో పకపకా నవ్వారు, గుమాస్తా నవ్వలేదు కానీ ముద్ర కొట్టాడు, కొంచెం వంకరగా పడింది, వంకరయినా ముద్ర ముద్రే. ఇంటికొచ్చి చెప్తే ఆయన, అంటే భర్త, ప్యాకింగు షెడ్డు నుంచి అప్పుడే వచ్చి చేతులు కడుక్కుంటున్నవాడు, "నువ్వు మేస్త్రివైతే నేను నిన్ను గారూ అనాలా ఏమిటి?" అన్నాడు. అనకపోతే బస్సెక్కనివ్వనంది. ఆ రోజు నుంచి అన్నం పెట్టమని అడగాల్సి వచ్చినప్పుడల్లా మేస్త్రమ్మగారూ అంటున్నాడు, వెక్కిరింపుగానే, కానీ చెవికి బాగుంది.

"ష్."

ఫ్యాను కాదు, మనిషే. నడవ అవతల నుంచి. ఆమె తల తిప్పలేదు, కళ్ళు మాత్రం తిప్పింది. మేస్త్రి పెదవులు కదపకుండా మాట్లాడుతున్నాడు, "పన్నెండు. పన్నెండు చెప్పు." ఆయన పేపరు నడవ వైపుకి జరిగి ఉంది, పన్నెండో ప్రశ్న మీద మూడో పెన్ను పెట్టి ఉంది. బస్సు బొమ్మ ప్రశ్న. ఇరవై సీట్లున్న వాహనంలో ఎంతమంది కూలీలను ఎక్కించవచ్చును? ఇరవై, పాతిక, ముప్పై, పట్టినంతమంది. మేస్త్రి పెన్ను 'పట్టినంతమంది' మీద నిలబడి ఉంది. ఆమెకి పొట్టలో నుంచి నవ్వు పొంగింది, నవ్వుతోపాటే ఇంకేదో కూడా. చెప్పేస్తే? ఒక్క వేలు చూపిస్తే చాలు, మొదటిది అని. ఈయన నేర్పిందే కదా చేతిలో పని. నారింజని లాగకూడదు, కత్తెరతో తొడిమ ఉంచి కత్తిరించాలి, తొడిమ ఊడితే మూడు రోజుల్లో కుళ్ళుతుంది అని చెట్టు కింద నిలబడి ఓపిగ్గా వందసార్లు చూపించింది ఈయనే. కూతురికి నాలుగేళ్ళప్పుడు తోటలో జ్వరం పేలిపోతుంటే, మిట్టమధ్యాహ్నం పని ఆపి, లారీ తిప్పుకునే చోటు లేని బండిబాట మీద కిలోమీటరు దూరం వెనక్కి నడిపి, తల కిటికీలోంచి బయటపెట్టి మెడ పట్టేసేదాకా వెనక్కే చూస్తూ ఆసుపత్రికి చేర్చింది ఈయనే. మరి ఇంకో సీజన్లో ఆ సాయంత్రమో? లారీ బయల్దేరాక ఆమె ఎందుకో మనుషుల్ని లెక్కపెట్టింది, ఇరవై ఏడు, పొద్దున ఇరవై ఎనిమిది. మళ్ళీ పెట్టింది, ఇరవై ఏడే. కత్తెరతో క్యాబిన్ మీద దబదబా బాదింది. బ్రేకు వేసి దిగి, "ఏం కొంపలంటుకున్నాయి?" అన్నాడు. ఒకరు తక్కువంది. "నిన్నెవరు లెక్కపెట్టమన్నారు?" అన్నాడు. అయినా తిప్పాడు. వెళ్ళేసరికి వినపడని వదిన, పాపం పుట్టినప్పటి నుంచీ వినపడదు ఆమెకి, పెట్టెల వెనక కునుకు తీసి లేచి, గేటు దగ్గర బోర్లించిన పెట్టె మీద కూర్చుని తాపీగా నారింజ వలుచుకుంటోంది. అందరూ ఏడుపు మొహాలు వేసుకుంటే వదిన మాత్రం జాబితా వైపు వేలు చూపించి, గాలిలో ఒకటి రెండు మూడు అని వేళ్ళు విప్పి చూపించి నవ్వింది, నువ్వు లెక్కపెడతావని నాకు తెలుసులే అని. ఆ మర్నాటి నుంచి లెక్కపెట్టే పని జాబితాకే అప్పగించాడు మేస్త్రి. తను చేయాల్సిన పనని ఆయనకి తోచలేదు. అదీ ఈయనే. అన్నీ ఈయనే. మంచివాడా చెడ్డవాడా అని అడిగితే 'పై రెండూ' అని ఒక జవాబుండాలి, ఉంటే టిక్కు పెట్టేసేది.

వేలు కదల్లేదు. చూపించేదే, ఇంకే ప్రశ్న అయినా చూపించేసేదేమో, మంచమయితే చూపించేది, కార్డయితే చూపించేది. ఇది మాత్రం ఆయనకై ఆయనకి తెలియాలనిపించింది. ఆమె తన పేపరు మీదకి వంగింది, మెడ దగ్గర వేడిగా ఉంది, ఎంత చిన్న పాపమైనా వీపు మీదే కూర్చుంటుంది. కుర్చీ కిర్రుమంది, కాదు, బెంచీ. మేస్త్రి లేచి నిలబడ్డాడు, పొట్ట చెక్కలోంచి బయటికి తెచ్చుకుని, చేయి ఎత్తి. "అమ్మా, ఒక సందేహం. ఈ పన్నెండోదానికి నిజం రాయాలా, రూలు రాయాలా?" గది మొత్తం గొల్లుమంది. నలభై మంది పైచిలుకు మేస్త్రులు, అందరి పెన్నులూ అక్కడే ఆగి ఉన్నాయని ఆ నవ్వులోనే తెలిసిపోయింది. పరీక్ష చూసే అమ్మాయి చేతిరుమాలు ముక్కు మీద నుంచి తీసి, "రూలు రాయండి సార్. నిజం మేం బస్సు దగ్గరికొచ్చి చూసుకుంటాం" అంది, అని తుమ్మింది. మేస్త్రి కూర్చున్నాడు. పెన్ను వంకరగా, అయిష్టంగా, ఇరవై వైపుకి వెళ్ళింది. వెళ్ళిన పెన్ను ఆపి, ఆయన తల ఎత్తి ఎక్కడో గోడ వైపు చూస్తూ పెదవులు కదిపాడు, సీట్లు లెక్కపెడుతున్నాడో, మనుషుల్ని లెక్కపెడుతున్నాడో.

ఇరవై అయిదు, ముప్పై, టిక్కులు ఇప్పుడు వాటంతటవే పడుతున్నాయి, కోత ఊపందుకున్నాక చేతులు చూసుకోనక్కర్లేనట్టు. కిటికీ కింద యార్డులో ఎవరో ఖాళీ పెట్టెలు దొంతర పెడుతున్నారు, టక్ టక్, ఒక దొంతర పద్నాలుగు, పన్నెండు చాలు, పద్నాలుగైతే పడిపోతుంది, చెప్పేవాళ్ళు లేరేమో. పడిపోయింది. చెప్పానా. ముప్పై తొమ్మిది, నలభై. గడియారంలో పన్నెండు నిమిషాలున్నాయి. ఆఖరి ప్రశ్న. పనికి పిలిచేటప్పుడు కూలీకి మీరు ముందుగా ఏమి తెలియజేస్తారు? పది వాక్యాలలో సొంత మాటల్లో రాయండి. పది మార్కులు. కింద పది ఖాళీ గీతలు, విత్తని చాళ్ళలా. ఉత్తరాలు రాసే అలవాటు లేదు, ఫోన్లొచ్చాక ఎవరికుంది. పుస్తకంలో వాక్యం గుర్తుకొచ్చింది, 'నియామకునిచే కార్మికులకు తగు సమాచారము లిఖితపూర్వకముగా అందజేయబడవలెను'. అదే రాసింది, మొదటి గీత మీద, ఒక్కో అక్షరం మోసుకొచ్చి పెట్టినట్టు. చదువుకుంది. ఎవరు ఎవరికి ఏమి ఇస్తున్నారో ఆమెకే తెలియలేదు. ఇది పట్టుకెళ్ళి వినపడని వదినకి చూపిస్తే మొహమంతా ముడుచుకుని వెనక్కి ఇచ్చేస్తుంది. కొట్టేసింది, ఆ గీత మీదే పైన సందులో మళ్ళీ మొదలుపెట్టాలి. పరీక్షలో కొట్టివేతలకి మార్కులు తగ్గిస్తారా? తగ్గిస్తే తగ్గించుకోనీ. పోయిన సీజన్లో తనకి ఏం చెప్పారు? నెల రోజులన్నాడు మేస్త్రి. చెల్లెలి కాన్పుకి ఇంకా అయిదు వారాలుంది, వచ్చేస్తానే, పురిటి గది గుమ్మంలో నేనే ఉంటానని చెల్లెలి చేయి పట్టుకుని మరీ చెప్పి వెళ్ళింది. నెల దాటింది, రెండో నెల, ఎప్పుడు వెళ్తామంటే ఇదిగో అదిగో అన్నాడు, అయిదో నెలలో ఇంటికొచ్చేసరికి పిల్ల బోర్లా పడుతోంది. చెల్లెలు పిల్లని తెచ్చి ఒళ్ళో పెట్టింది. ఆ పిల్ల కొత్త మనిషిని చూసి ముందు పెదవి విరిచి, తరువాత ఆమె ముక్కు పట్టుకుని వదలకుండా నవ్వింది. అప్పుడే అనుకుంది, పిల్ల చేతిలో ముక్కుండగానే. మేస్త్రి అవుతాను. ఎన్ని రోజులో చెప్పే మేస్త్రి ఒకరు ఉండాలి కదా ఎక్కడో.

అందుకని చెల్లెలికి చెప్తున్నట్టే రాసింది. నువ్వు వచ్చేది నారింజ తోటకి. బయల్దేరే తారీఖు ఇది, తిరిగొచ్చే తారీఖు ఇది, రెండూ నీ చేతికి కాగితం మీద ఇస్తాను. పని పొద్దున ఆరింటికి, మధ్యాహ్నం గంటసేపు నీడలో కూర్చోవచ్చు. మంచం ఉంటుంది, నీ ఒక్కదానికే. తలుపుకి గడియ లోపలివైపు ఉంటుంది, నేను ముందే వెళ్ళి చూసుకుని వస్తాను. ఒంట్లో బాగాలేకపోతే దాచుకోకు, చెప్పు. నీ కాగితాలు నీ దగ్గరే ఉంచుకో, ఎవరడిగినా ఇవ్వకు, నేనడిగినా సరే. మధ్యలో ఇంటికి వెళ్ళాలనిపిస్తే వెళ్ళొచ్చు. రానంటే నేనేమీ అనుకోను. తొమ్మిది. చేయి లాగేస్తోంది, కత్తెరకి లేని నొప్పి పెన్నుకొచ్చింది. ఇంకొకటి కావాలి. ఏం మిగిలింది? భోజనం? అది మంచంలో కలిపేయాల్సింది. పరీక్ష చూసే అమ్మాయి "రెండు నిమిషాలు" అంది. మళ్ళీ మొదటి నుంచి చదువుకుంది, చెల్లెలు చదువుతున్నట్టు. చెల్లెలు తల ఎత్తి ఏమడుగుతుంది? అన్నీ బాగానే ఉన్నాయక్కా, ఇవన్నీ చెప్పేది ఎవరు? ఇందులో ఒకటి తప్పితే నేను ఎవర్ని అడగాలి? అడగాల్సింది మేస్త్రిని. ఇరవై రెండేళ్ళ అలవాటు, ఏదైనా ఆయన్నే అడగాలి, తల దానంతటదే నడవ అవతలికి తిరగబోయింది. తిరగలేదు. కాదు. ఆయన్ని కాదు. గీతల మీద ఎక్కడా తన పేరు లేదు. అందరి పేర్లూ తెలిసినది, రాసే జాబితాలో తనని తాను వేసుకోలేదు. పదో గీత మీద రాసింది. ఏది తప్పినా నన్నడుగు, నా పేరు ఇది. తోటల్లో పిలిచే పేరు కాదు, ఫలానా వారి భార్య అని కాదు, పుట్టినప్పుడు పెట్టిన పేరు, ఇంటిపేరుతో సహా, మధ్యలో ఒక ఒత్తు దగ్గర ఆగి, సరిచూసుకుని, పూర్తిగా. పక్కన ఫోన్ నంబరు. నంబరులో ఆఖరి అంకె వేస్తుండగా బెల్లు కొట్టారు. పరీక్ష చూసే అమ్మాయి వచ్చి పేపరు మీద చేయి వేసింది, లాగలేదు, అంకె పూర్తయ్యేదాకా ఆగింది. తుమ్మకుండా ఆగింది కూడా, అది ఇంకా కష్టం.

ఫలితాలు అక్కడికక్కడే అన్నారు. వరండాలో గోడ వారగా బల్ల, దాని మీద ఒక చివర ఆమె, ఇంకో చివర మేస్త్రి, మధ్యలో ఇద్దరు పట్టేంత ఖాళీ. లోపల ఎర్ర పెన్నుల గరగర. కొంతసేపు ఆయన పైకప్పు చూశాడు, కొంతసేపు ఆమె చూసింది. చివరికి ఆయనే, "ఆఖరిదానికి ఏం రాశావ్?" అన్నాడు. "పది గీతలూ నింపాను. మీరో?" "ఒక్కటే రాశాను." "ఏమని?" "ఏమీ చెప్పను, లారీ ఎక్కమంటాను అని. నిజం రాయొద్దందిగా ఆ పిల్ల, ఆఖరిదే ముందు చేశాను, అప్పటికే రాసేశాను." ఆమెకి నవ్వాగలేదు, ఈసారి ఆపుకోనక్కర్లేదు కూడా, ఆమె నవ్వు చూసి ఆయనకీ వచ్చింది, బల్ల ఊగింది. గుమాస్తా వచ్చి కాగితం అంటించాడు, కళ్ళజోడాయనే, అంటిస్తూ ఆమె వైపు ఒకసారి చూసి పోయాడు. పదిహేడో నంబరు ఆమెది, నలభై మూడు మార్కులు. ఆమె వేలుతో తాకి చూసింది, సిరా ఆరిందో లేదో అన్నట్టు. ఇంటికి ఫోన్ చేయాలి, అత్తగారు గుమ్మంలోనే కూర్చుని ఉంటుంది, పొద్దుటి నుంచి అన్నం తిని ఉండదు. పద్దెనిమిదో నంబరు, ముప్పై మూడు.

"రెండు మార్కులు," అన్నాడు మేస్త్రి. కోపం లేదు గొంతులో, ఆశ్చర్యమే. "మళ్ళీ మూడు నెలలకట పరీక్ష. అప్పటికి కాయలెక్కడుంటాయి, రసమైపోయి సీసాల్లో ఉంటాయి." మెట్ల మొదట్లో రెయిలింగు పట్టుకుని నిలబడ్డాడు. కింద యార్డు ఎండలో మెరుస్తోంది. "నా వాళ్ళు ముప్పై ఇద్దరు ఎదురు చూస్తుంటారు. ఈ సీజనుకి వాళ్ళని నువ్వు తీసుకెళ్ళు. నేను చెప్తాలే, నా మాట కాదనరు."

"మీరు చెప్పొద్దు మేస్త్రి గారూ. నేను వెళ్ళి అడుగుతాను. వస్తామన్నవాళ్ళు వస్తారు."

"అడుగుతావా? ఒక్కొక్కళ్ళనీ?"

"ఒక్కొక్కళ్ళనీ."

ఆయన పక్కకి చూస్తూ, "మరి నన్నెవరూ అడగరన్నమాట," అన్నాడు. పరిహాసమే అనుకుంది ఆమె. ఇస్త్రీ చొక్కా వీపంతా తడిసి ఉంది, జేబులో పెన్నుల్లో ఒకటి కారి నీలం మరక పాకుతోంది, ఆయన చూసుకోలేదు. పరిహాసం పూర్తిగా కాదు. ఆమె రెండు మెట్లు దిగి, వెనక్కి తిరిగి, ఆయన ఎదురుగా నిలబడింది. "మేస్త్రి గారూ, ఈ సీజనుకి నాతో వస్తారా? బస్సు నడపడానికి మనిషి కావాలి." ఇన్నేళ్ళలో ఆయన్ని ఇలా ఎవరూ అడిగి ఉండరు. ఆయన రెయిలింగు వదిలి, "ఎక్కడికి?" అన్నాడు. చెప్పింది. "ఎన్నాళ్ళు?" ఏడు వారాలు, తారీఖులు కాగితం మీద ఇస్తానంది. "ఎన్ని సీట్లు?" "ఇరవై. రెండు ట్రిప్పులు వేయాలి." "పడుకోవడానికి?" "మంచం." "నాక్కూడా?" "మీక్కూడా." ఒక్కో మెట్టుకీ ఒక్కో ప్రశ్న, ఆయన అడుగుతూ దిగుతున్నాడు, ఆమె చెప్తూ దిగుతోంది, ప్రశ్న ప్రశ్నకీ ఆయనకి హుషారు వస్తోంది, గదిలో రాని హుషారు. ఆఖరి మెట్టు మీద ఆగి, వేలెత్తి, ఆమెను పట్టేశానన్న సంబరంతో అడిగాడు, "సరే, వాన పడి కోత ఆగిపోయిందనుకో. ఆ రోజు కూలి ఇస్తారా, ఇవ్వరా?"

జాబితా వాన రోజులు ఎన్ని గడిపింది, షెడ్డు చూరు కింద కూర్చుని, చినుకులు చూస్తూ, ఒట్టి చేతులతో. పుస్తకంలో ఏ బొమ్మ దగ్గరా వాన లేదు. కుళాయి ఉంది, మంచం ఉంది, బస్సు ఉంది.

"తెలీదు మేస్త్రి గారూ," అంది. "ఉండండి, కనుక్కొస్తాను."

ఆయన్ని ఆ మెట్టు మీదే వదిలేసి, మెట్లు రెండేసి చొప్పున ఎక్కుతూ పైకి పరుగెత్తింది, పైన ఎవరో తుమ్ముతున్న వైపుకి.